ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ అసలు బలం ఎంత? ఎఫిషియెన్సీ నంబర్లతో మీరే లెక్కకట్టుకోండి

సెప్టెంబర్ వచ్చిందంటే టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కో, ప్లేనో వైపు ఉండే మనవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న: "ఈసారి మన డాలస్ టీమ్ కౌబాయ్స్ నిజంగా బాగున్నారా, లేక షెడ్యూల్ కలిసొచ్చిందా?" హైదరాబాద్‌లో ఆదివారం అర్ధరాత్రి దాకా మేల్కొని మ్యాచ్‌లు చూసేవాళ్లు అడిగేదీ ఇదే, టీమ్ పేరు మాత్రం మారుతుంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. ఇది అమెరికన్ ఫుట్‌బాల్ సంగతి. డౌన్, డ్రైవ్, పంట్ అంటే ఏమిటో మీకు తెలుసనే అనుకుంటున్నాను.

సిద్ధాంతం ఒక్క ముక్కలో చెప్తాను. ఐపీఎల్ పట్టికలో రెండు టీములకు సమానంగా పాయింట్లుంటే మన కన్ను నెట్ రన్‌రేట్ మీదికి పోతుంది కదా, ఇక్కడా అంతే. ఎన్ని మ్యాచ్‌లు గెలిచారన్నది కాదు, దొరికిన ప్రతి అవకాశాన్నీ ఎంత బాగా వాడుకున్నారన్నది చూడాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో సీజన్‌కి 17 మ్యాచ్‌లే. అందులో రెండు మూడు అటూ ఇటూ అయితే పట్టిక మొత్తం అబద్ధం చెప్తుంది.

కావాల్సినవి

- ఎక్సెల్ గానీ గూగుల్ షీట్స్ గానీ.
- మ్యాచ్ స్కోర్లు, డ్రైవ్ వివరాలు. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైటులో దొరుకుతాయి.
- ప్లే-బై-ప్లే డేటా. కోడ్ రాయడం వచ్చినవాళ్లు ఆర్ భాషలో ఉన్న ఎన్‌ఎఫ్ఎల్‌ఫాస్ట్ఆర్ ప్యాకేజీ వాడండి. 1999 నుంచి ప్రతి ప్లే ఉచితంగా ఉంది, ఈపీఏ (ఎక్స్‌పెక్టెడ్ పాయింట్స్ యాడెడ్, వివరం 3వ అడుగులో) లెక్క కూడా ముందే కట్టి ఉంటుంది. కోడ్ రాకపోతే 1, 2, 6 అడుగులతోనే చాలా దూరం వెళ్లొచ్చు.
- కనీసం ఒక పాత సీజన్ డేటా. ఇది లేకపోతే మీ లెక్క సరైందో కాదో తెలుసుకునే దారే ఉండదు.

1. ముందు పాయింట్ల తేడా చూడండి

ఇది పది నిమిషాల పని. బేస్‌బాల్ కోసం బిల్ జేమ్స్ కట్టిన సూత్రాన్ని డారిల్ మోరీ ఫుట్‌బాల్‌కి సరిపోయేలా మార్చాడు. టీమ్ సాధించిన మొత్తం పాయింట్లను 2.37 ఘాతానికి పెంచండి. ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లనూ అలాగే పెంచండి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగించి, ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతో గుణించండి. ఆ టీమ్ గెలవాల్సిన మ్యాచ్‌లు ఎన్నో వస్తుంది.

2022 మిన్నెసోటా వైకింగ్స్‌తో చేసి చూడండి. సాధించినవి 424, ఇచ్చినవి 427. లెక్క ప్రకారం 8.4 గెలుపులు రావాలి. నిజంగా వచ్చినవి 13. ఓడిన నాలుగు మ్యాచ్‌లలో తేడాలు 17, 37, 11, 24. గెలిచిన 13లో 11 మ్యాచ్‌లు ఎనిమిది పాయింట్లలోపు తేడాతోనే. అంటే గెలిస్తే గీతమీద గెలిచారు, ఓడితే చిత్తుగా ఓడారు. డిసెంబర్ 24న న్యూయార్క్ జెయింట్స్ మీద ఆఖరి క్షణంలో 61 యార్డుల ఫీల్డ్ గోల్‌తో 27–24తో గెలిచారు. మూడు వారాలకు అదే జెయింట్స్ అదే మైదానానికి ప్లేఆఫ్స్‌కి వచ్చి 31–24తో ఇంటికి పంపారు. మరుసటి ఏడాది వైకింగ్స్ 7 గెలిచి 10 ఓడారు. దీనికి మధ్యలో క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్ గాయపడటం కూడా ఒక కారణం, కాబట్టి మొత్తం సూత్రం ఘనతే అనుకోకండి.

ఈ లెక్కకీ అసలు గెలుపులకీ రెండు కంటే ఎక్కువ తేడా ఉంటే ఆ టీమ్ పేరు పక్కన గుర్తు పెట్టుకోండి. మిగతా అడుగుల్లో ముందు వాళ్ల సంగతే తేల్చాలి.

2. డ్రైవ్‌కి ఎన్ని పాయింట్లు?

మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు అన్న లెక్క వదిలేయండి. ఒక టీమ్ గబగబా ఆడితే దానికీ, ప్రత్యర్థికీ ఎక్కువ డ్రైవ్‌లు వస్తాయి. గడియారం కరిగిస్తూ నింపాదిగా ఆడే టీమ్ డిఫెన్స్ నిజానికి మామూలుదే అయినా, "మ్యాచ్‌కి 19 పాయింట్లే ఇచ్చింది" అని టీవీలో తెగ పొగిడేస్తారు. మొత్తాన్ని డ్రైవ్‌లతో భాగిస్తే ఆ గొడవ పోతుంది. మామూలుగా ఒక టీమ్‌కి మ్యాచ్‌కి పది నుంచి పన్నెండు డ్రైవ్‌లు వస్తాయి. డ్రైవ్‌కి రెండు పాయింట్ల దగ్గర్లో ఉంటే సగటు టీమ్, రెండున్నర దాటితే చాలా మంచి అఫెన్స్.

భాగించే ముందు రెండు పనులు చేయాలి. హాఫ్ చివర మోకాలు ఆనించి గడియారం కరిగించేసే డ్రైవ్‌లు తీసేయండి. అఫెన్స్ సాధించని పాయింట్లు వేరు చేయండి. రెండోది చాలామంది మర్చిపోతారు. 2022 డిసెంబర్ 17న కోల్ట్స్ వైకింగ్స్ మీద 36 పాయింట్లు చేశారు. అందులో ఒక టచ్‌డౌన్ బ్లాక్ చేసిన పంట్ నుంచి, ఇంకొకటి ఇంటర్‌సెప్షన్ పట్టుకుని పరుగెత్తితే వచ్చింది. ఆ రెండూ జరిగినప్పుడు వైకింగ్స్ డిఫెన్స్ బెంచీ మీదే ఉంది! 36నీ డిఫెన్స్ ఖాతాలో రాస్తే లెక్క తప్పుతుంది.

3. ప్లే-బై-ప్లే లెక్క

ఇక్కడ మూడు కొలతలున్నాయి. ప్లేకి ఎన్ని యార్డులు అన్నది అన్నిటికంటే తేలిక, అన్నిటికంటే మొద్దు కూడా. సక్సెస్ రేట్ అంటే ఎన్ని ప్లేలు పని జరిపించాయన్నది: ఫస్ట్ డౌన్‌లో కావాల్సిన దూరంలో 40 శాతం, సెకండ్ డౌన్‌లో 60 శాతం, థర్డ్, ఫోర్త్ డౌన్లలో మొత్తం దూరం వస్తే సక్సెస్. మూడోది ఈపీఏ. ఈ డౌన్‌లో, ఈ చోట బంతి ఉంటే సగటున తర్వాత ఎన్ని పాయింట్లు రావాలో పాత డేటా చెప్తుంది. ప్లేకి ముందు ఆ విలువ 1.0, ప్లే అయ్యాక 1.8 అయితే ఆ ప్లే ఈపీఏ +0.8.

కాగితం మీద ఒక డ్రైవ్ చేసి చూద్దాం. ఉదాహరణ కోసం నేను కల్పించింది. సొంత 25 యార్డ్ లైన్ నుంచి మొదలు.

- ఫస్ట్ అండ్ 10: నాలుగు యార్డుల పరుగు. కావాల్సింది 4. సక్సెస్.
- సెకండ్ అండ్ 6: మూడు యార్డులు. కావాల్సింది 3.6. ఫెయిల్.
- థర్డ్ అండ్ 3: 12 యార్డుల పాస్. సక్సెస్.
- ఫస్ట్ అండ్ 10: పాస్ కింద పడింది. ఫెయిల్.
- సెకండ్ అండ్ 10: సాక్, ఏడు యార్డులు వెనక్కి. ఫెయిల్.
- థర్డ్ అండ్ 17: 14 యార్డుల పాస్. ఫెయిల్, ఆ తర్వాత పంట్.

ఆరు ప్లేలు, 26 యార్డులు, ప్లేకి 4.3. సక్సెస్ మాత్రం ఆరింటికి రెండే. 26లో 14 యార్డులు ఎందుకూ కొరగాని ప్లేలో వచ్చాయి, ఎందుకంటే 17 కావాల్సిన చోట 14 వచ్చినా పంట్ తప్పదు. మొత్తం యార్డుల ర్యాంకులు పట్టుకుని వాదించేవాళ్లకి ఈ డ్రైవ్ చూపించండి.

మీ దగ్గర ఈపీఏ ఉంటే ప్రధానంగా దాన్నే వాడండి, సక్సెస్ రేట్‌ని తోడుగా పెట్టుకోండి. ఈపీఏ బాగుండి సక్సెస్ రేట్ బాగాలేకపోతే ఆ టీమ్ కొన్ని పెద్ద ప్లేల మీద బతుకుతోందన్నమాట, అలాంటివి వచ్చే వారం రాకపోవచ్చు. పాస్, రన్ విడివిడిగా చూడండి. ఈ లీగ్‌లో టీమ్ బలాన్ని ఎక్కువగా తేల్చేది పాసింగే.

ఒక జాగ్రత్త: ఎన్‌ఎఫ్ఎల్‌ఫాస్ట్ఆర్‌లో ఈపీఏ సున్నా కంటే ఎక్కువైతే సక్సెస్ అని రాస్తారు. పైన చెప్పిన 40–60–100 నిర్వచనం వేరు. ఒక టీమ్‌కి ఒకటి, ఇంకో టీమ్‌కి ఇంకొకటి వాడకండి.

4. చెత్త ప్లేలు తీసేయండి, కానీ మరీ కాదు

మోకాలు ఆనించే ప్లేలు, గడియారం ఆపడానికి బంతిని నేలకు కొట్టే స్పైక్‌లు మారుమాట లేకుండా తీసేయండి. ఫలితం తేలిపోయాక ఆడే ప్లేల దగ్గరే చిక్కు. 28 పాయింట్ల ఆధిక్యంలో ఉన్న టీమ్ డిఫెన్స్ చిన్న పాస్‌లు ఇచ్చేస్తుంది, దాని నంబర్లు పాడవుతాయి. అందుకని గెలుపు అవకాశం 5 శాతంకంటే తక్కువ, 95 శాతంకంటే ఎక్కువ ఉన్న ప్లేలను చాలామంది కొట్టేస్తారు.

పైన చెప్పిన కోల్ట్స్ మ్యాచ్‌లో హాఫ్‌టైమ్ స్కోరు 33–0. ఆ రూల్ పెడితే సెకండ్ హాఫ్‌లో చాలా భాగం చెత్తబుట్టలోకి పోతుంది. వైకింగ్స్ ఆ మ్యాచ్‌ని ఓవర్‌టైమ్‌లో 39–36తో గెలిచారు, ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలోనే అతి పెద్ద కమ్‌బ్యాక్ అది. అందుకే నా సలహా: పూర్తిగా కొట్టేయకండి, అలాంటి ప్లేలకు సగం వెయిట్ ఇవ్వండి. సీజన్ మొదట్లో డేటా తక్కువ ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం.

5. అదృష్టాన్ని విడదీయండి

బంతి చేజారడం ఆటగాడి తప్పే. కిందపడ్డ బంతి ఎవరికి దొరుకుతుందన్నది మాత్రం దాదాపు బొమ్మాబొరుసే. ఫంబుల్ పోయినప్పుడు పూర్తి శిక్ష, మళ్లీ దొరికినప్పుడు సున్నా శిక్ష వేస్తే నంబర్లు ఊగిపోతాయి. దొరికినా పోయినా ప్రతి ఫంబుల్‌కి ఒకే సగటు శిక్ష వేయండి. అంత ఓపిక లేకపోతే ఫంబుల్ పోయిన ప్లేల నష్టాన్ని సగం చేయండి, చాలు. ఇంటర్‌సెప్షన్లు వేరు, వాటిలో క్వార్టర్‌బ్యాక్ నైపుణ్యం కొంత ఉంటుంది, పూర్తిగా తుడిచేయకూడదు. ప్రత్యర్థి కిక్కర్ మీ మీద ఫీల్డ్ గోల్స్ మిస్ చేయడం మాత్రం మీ టీమ్ గొప్ప కాదు.

6. ఎవరి మీద ఆడారో చూడండి

32 టీములు, 17 మ్యాచ్‌లు, అందులో ఆరు సొంత డివిజన్ (నాలుగు టీముల గ్రూపు) వాళ్లతోనే. కాబట్టి షెడ్యూల్ ఎవరికీ సమానం కాదు.

మీ టీమ్ అఫెన్స్ ప్లేకి +0.12 ఈపీఏ సాధించిందనుకుందాం. వాళ్లు ఎదుర్కొన్న డిఫెన్సులు మిగతా టీములకు సగటున +0.04 ఇచ్చాయి, అంటే బలహీనమైనవే. సవరించిన అఫెన్స్ +0.08. ఇలాగే 32 అఫెన్సులకూ, 32 డిఫెన్సులకూ చేయండి. అయితే ఇప్పుడు డిఫెన్స్ నంబర్లు మారాయి కాబట్టి అఫెన్సులను వాటితో మళ్లీ సవరించాలి. ఐదారుసార్లు తిప్పేసరికి నంబర్లు కదలడం మానేస్తాయి.

"మిగతా టీములకు" అన్నమాట గట్టిగా పట్టుకోండి. ప్రత్యర్థి సగటులో మీ టీమ్ ఆడిన మ్యాచ్ కూడా కలిపితే మీ బలాన్ని మీ బలంతోనే కొలుస్తున్నట్టు. నాలుగు వారాల డేటాతో ఈ తప్పు చేస్తే ఫలితం దారుణంగా ఉంటుంది.

ప్లే డేటా లేనివాళ్లు ఇదే పనిని పాయింట్లతో చేయండి: సగటు గెలుపు తేడాకి ప్రత్యర్థుల సగటు రేటింగ్ కలిపి మళ్లీ మళ్లీ తిప్పడమే. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్‌లో ఎస్‌ఆర్‌ఎస్ పేరుతో ఇచ్చేది ఇదే. కాలేజ్ ఫుట్‌బాల్ అయితే ఈ అడుగు లేకుండా లెక్క మొదలుపెట్టనే వద్దు, అక్కడ టీముల మధ్య తేడాలు, షెడ్యూళ్ల మధ్య తేడాలు చాలా పెద్దవి. ఆ ఆట కోసం బ్రయన్ ఫ్రెమో డ్రైవ్‌ల మీద ఎఫ్‌ఈఐ అనే కొలత, బిల్ కానెలీ ప్లేల మీద ఎస్‌పీ ప్లస్ అనే కొలత తయారుచేశారు. దారులు వేరైనా ఇద్దరూ ప్రత్యర్థి సవరణ చేస్తారు.

7. స్పెషల్ టీమ్స్‌ని (కిక్‌లు, పంట్‌లు, రిటర్న్‌లు ఆడే బృందాల్ని) వదిలేయకండి

2010లో శాన్ డియేగో చార్జర్స్ అఫెన్స్ యార్డుల్లో లీగ్‌లో మొదటి స్థానం, డిఫెన్స్ యార్డుల్లోనూ మొదటి స్థానం. 441 పాయింట్లు చేసి 322 ఇచ్చారు, మొదటి అడుగు సూత్రం ప్రకారం 16లో 11 దగ్గర గెలవాలి. గెలిచింది 9. ప్లేఆఫ్స్‌కే వెళ్లలేదు. మొదటి మ్యాచ్‌లో కాన్సస్ సిటీ వాళ్లు పంట్ రిటర్న్ టచ్‌డౌన్ కొట్టారు, తేడా ఏడు పాయింట్లు. మూడో మ్యాచ్‌లో సియాటెల్ ఆటగాడు లియాన్ వాషింగ్టన్ రెండు కిక్‌ఆఫ్‌లను టచ్‌డౌన్ దాకా పరుగెత్తించాడు, అక్కడా తేడా ఏడే. అదే ఏడాది 7–9తో ఉన్న సియాటెల్ డివిజన్ గెలిచి ప్లేఆఫ్స్ ఆడింది. చార్జర్స్ అభిమానులకి ఇప్పటికీ ఆ సీజన్ పేరెత్తితే మండుతుంది.

స్పెషల్ టీమ్స్ ఈపీఏని విడిగా తీసుకుని కలపండి. కానీ తక్కువ వెయిట్ ఇవ్వండి, ఏడాది నుంచి ఏడాదికి ఇది అఫెన్స్ అంత నిలకడగా ఉండదు. డిఫెన్స్ ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది.

8. అన్నీ కలిపి ఒక్క నంబర్ చేయండి

అఫెన్స్ ప్లేకి +0.10, డిఫెన్స్ ప్లేకి −0.05 అనుకోండి. డిఫెన్స్‌కి మైనస్ అంటే మంచిది. ఈ గుర్తు తిరగేసి ఆఖరి టీమ్‌ని మొదటి స్థానంలో పెట్టేవాళ్లు బోలెడు మంది. మ్యాచ్‌కి ఒక్కో వైపు 62 ప్లేలు అనుకుంటే 6.2 కి 3.1 కలిపి 9.3. సగటు టీమ్‌తో తటస్థ మైదానంలో ఆడితే తొమ్మిది పాయింట్ల మెరుగన్నమాట.

ఈ నంబర్‌ని వెంటనే నమ్మకండి, కుదించండి. ఆడిన మ్యాచ్‌ల సంఖ్యని, దానికి 6 కలిపిన సంఖ్యతో భాగిస్తే వచ్చేది ఈ సీజన్‌కి ఇచ్చే వెయిట్. మిగతా వెయిట్ పోయిన సీజన్ రేటింగ్‌లో సగానికి. నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఒక టీమ్ +10, పోయినేడాది +4 అనుకుంటే: 0.4 × 10 + 0.6 × 2 = 5.2. ఆ 6 శిలాశాసనమేమీ కాదు, కింద చెప్పిన తనిఖీలో 4, 8 పెట్టి చూసి మీకు సరిపోయేది ఉంచుకోండి. క్వార్టర్‌బ్యాక్ మారితే మాత్రం పాత రేటింగ్‌ని చాలావరకు పక్కన పెట్టాల్సిందే. ఇక్కడ సూత్రం కంటే మీ వివేకమే మేలు.

మ్యాచ్ అంచనా వేసేటప్పుడు సొంత మైదానానికి ఒకటిన్నర, రెండు పాయింట్లు కలపండి. పాతవాళ్లు చెప్పే మూడు ఇప్పుడు ఎక్కువే. 2020లో స్టేడియాలు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు హోమ్ టీములు 127 గెలిచి 128 ఓడాయి.

తరచూ జరిగే పొరపాట్లు

ఒకే విషయాన్ని రెండుసార్లు లెక్కించడం అన్నిటికంటే ఎక్కువ. పాయింట్ల తేడా, ఈపీఏ, డ్రైవ్ పాయింట్లు మూడూ కలిపి సగటు తీస్తారు. మూడూ ఒకే ఆటని మూడు అద్దాల్లో చూపిస్తాయి, కాబట్టి కలిపినంత మాత్రాన కొత్త సమాచారమేమీ రాదు. ఒకదాన్ని ఎంచుకోండి.

థర్డ్ డౌన్ శాతం చూసి మురిసిపోవడం ఇంకొకటి. మ్యాచ్‌కి పన్నెండు పదమూడు థర్డ్ డౌన్లే ఉంటాయి, నెల రోజుల డేటా కూడా చాలదు. ఫస్ట్, సెకండ్ డౌన్లలో బాగా ఆడే టీమ్‌కి థర్డ్ డౌన్ శాతం తర్వాత దానంతటదే సర్దుకుంటుంది.

ర్యాంకుని చూసి అసలు దూరాన్ని మర్చిపోవడం కూడా మామూలే. 8వ ర్యాంకుకీ 15వ ర్యాంకుకీ మధ్య తేడా ఒక్క పాయింటే ఉండొచ్చు, మొదటికీ రెండోదానికీ మధ్య నాలుగు ఉండొచ్చు.

ఫలితం సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి?

మొదట కూడిక. 32 రేటింగుల సగటు సున్నా రావాలి. లీగ్ మొత్తం అఫెన్స్ ఈపీఏ, డిఫెన్స్ ఇచ్చిన ఈపీఏ అచ్చంగా సమానం కావాలి. కాకపోతే ఎక్కడో కొన్ని ప్లేలు ఒకవైపే తీసేశారు.

తర్వాత పాత సీజన్ తెరవండి. మొదటి తొమ్మిది వారాలతో రేటింగులు కట్టి, మిగతా మ్యాచ్‌ల తేడాలు ఊహించండి. మీ ఊహకీ అసలు తేడాకీ మధ్య దూరాన్ని గుర్తు లేకుండా సగటు తీయండి. అదే పని ఊరికే గెలుపోటములతో కూడా చేయండి. మీ లెక్క దాన్నైనా ఓడించకపోతే ఇంత శ్రమా దండగే. లాస్ వేగస్ స్ప్రెడ్‌లు (పందెం సంస్థలు ముందే ఇచ్చే పాయింట్ల తేడా అంచనాలు) అందుబాటులో ఉంటే వాటితోనూ పోల్చండి. పందెం కాయమని కాదు, అంతకంటే కఠినమైన పరీక్ష లేదని. ఆ స్ప్రెడ్‌లే మ్యాచ్‌కి సగటున పది పాయింట్ల దాకా తప్పుతాయి. మీకు పదకొండు వస్తే గర్వపడొచ్చు.

ఏడు వస్తే మాత్రం సంబరపడకండి. పదో వారం మ్యాచ్‌ని ఊహించడానికి పదిహేనో వారం డేటా ఎక్కడో దొంగచాటుగా దూరి ఉంటుంది. చాలాసార్లు ఆ దొంగ ప్రత్యర్థి సవరణలోనే దొరుకుతాడు: అఫెన్స్‌ని తొమ్మిది వారాలకే కత్తిరించి, డిఫెన్స్ సగటులు మాత్రం సీజన్ మొత్తానివి వాడేస్తారు. ముందు ఆ కాలమ్ తెరిచి తేదీలు చూడండి.